సైకిల్ నీదే, సరే... నంబరు చెప్పు!

స్కూటర్ పోతే ఆర్‌సీ పట్టుకుని స్టేషన్‌కు పోతాం. సెల్‌ఫోన్ పోతే డబ్బా మీదున్న ఐఎంఈఐ నంబరును సీఈఐఆర్ పోర్టల్‌లో కొడతాం. సైకిల్ పోతే మాత్రం చాలామంది ముందుగా వచ్చేది నా దుకాణానికే. ‘అన్నా, నల్ల సైకిల్, ముందర బుట్ట ఉంటది. ఎవడన్న తెస్తే జర ఆపు’ అని చెప్పి పోతారు. ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ నల్ల సైకిళ్లెన్ని, వాటికి బుట్టలెన్ని! ఎవరిని ఆపను?

జవహర్‌నగర్‌లో మాది సైకిల్ దుకాణం. నాన్న పెట్టింది. ఆయన కాలంలో రిపేరు కన్నా కిరాయి వ్యాపారమే ఎక్కువ. గంటకింత అని సైకిళ్లు ఇచ్చేవాడు. ప్రతి సైకిల్ వెనక మడ్‌గార్డు మీద ఎర్ర పెయింటుతో దుకాణం పేరు, దాని కింద నంబరు. ఏ నంబరు సైకిల్‌ను ఎవరు ఎన్ని గంటలకు తీసుకుపోయారో పొడుగు పుస్తకంలో రాసేవాడు. ముఖం తెలియనివాళ్లకు ఇచ్చేవాడు కాదు, తెలిసినవాళ్లెవరైనా పూచీ పడాల్సిందే. వస్తువు మీద నంబరు, నంబరు పక్కన మనిషి పేరు రాసిన పుస్తకం. ఆ రెండూ ఉండబట్టి సైకిల్ ఏ గల్లీలో నిలబడి ఉన్నా ఎవరిదో తెలిసిపోయేది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు రకరకాలు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులకు పోయేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, పేపర్ వేసే పిల్లలు, ట్యూషన్లకు తిరిగే బడిపిల్లలు, ఆదివారం పొద్దున హెల్మెట్ పెట్టుకుని బయల్దేరే సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఒకరి సైకిల్ మూడు వేలు చేయదు, ఇంకొకరిది స్కూటర్ కన్నా ఖరీదు. పోయినప్పుడు మాత్రం అందరిదీ ఒకే తిప్పలు. ‘నంబరెంత?’ అంటే ముఖాలు చూసుకుంటారు.

లెక్క రాసే ఆఫీసు లేదు

మోటారు వాహనాల చట్టం, 1988 కింద బండికి రిజిస్ట్రేషన్ ఉంది. మోటారు లేని సైకిల్ ఆ చట్టం కిందికి రాదు. 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ సైకిల్‌కు కూడా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆర్‌సీ లేదు, లైసెన్స్ లేదు, ఇన్సూరెన్స్ కట్టి తీరాలన్న రూలూ లేదు. కూలినాలి చేసుకునేవాడికి ఇది మేలే. సైకిల్ పోయిననాడు మాత్రం ‘ఇది ఫలానా మనిషిది’ అని చెప్పే సర్కారు కాగితం ఒక్కటీ ఉండదు.

ఒకప్పుడు ఉండేది. పెద్దవాళ్లకు సైకిల్ బిళ్ల గుర్తుండే ఉంటుంది. మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిల్‌కు ఏడాదికింత పన్ను కట్టించుకుని, నంబరు కొట్టిన చిన్న లోహపు బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోయినా, రాత్రిపూట లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పట్టుకునేవాళ్లు. ఆ పన్ను పోయినందుకు ఎవరూ బాధపడలేదు, నేనూ పడను. దాంతోపాటే నంబరు పక్కన పేరు రాసుకునే రిజిస్టరు కూడా పోయింది.

కొన్ని దేశాల వాళ్లు నంబరును వదులుకోలేదు. డెన్మార్క్‌లో ప్రతి సైకిల్ ఫ్రేముకూ నంబరు ఉండాలన్న చట్టం 1942 నుంచీ ఉంది. జపాన్‌లో 1994 నుంచి సైకిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్న దుకాణంలోనే ఫారం నింపి, కొద్దిగా రుసుము కట్టి, ఫ్రేముకు స్టిక్కర్ అంటించుకుని బయటికొస్తారు. రోడ్డు మీద పోలీసు ఆపితే ఆ నంబరును బట్టి సైకిల్ ఎవరి పేరున ఉందో తెలుసుకుంటాడు. మన సైకిళ్లకూ ఫ్యాక్టరీలో నంబరు కొట్టే పంపిస్తారు. దాని పక్కన పేరు రాసేవాళ్లే లేరు. అందుకని ఆ పని సైకిల్ సొంతదారే చేసుకోవాలి. అదీ సైకిల్ ఇంట్లో ఉన్నప్పుడే.

నంబరు ఎక్కడుంటుంది

సైకిల్‌ను తలకిందులు చేయండి. సీటూ హ్యాండిలూ నేలకానాలి, చక్రాలు పైకి రావాలి. పెడల్ రాడ్లు తిరిగే ఇరుసు ఒక పొట్టి లావుపాటి గొట్టంలో ఉంటుంది. మేం దాన్ని బీబీ అంటాం. దాని అడుగు భాగం ఇప్పుడు మీకు ఎదురుగా ఉంటుంది. గేర్ సైకిళ్లకూ, ఈ మధ్య వస్తున్న చాలా రకాలకూ నంబరు అక్కడే కొట్టి ఉంటుంది. పాతకాలపు నల్ల సైకిళ్లకు సీటు గొట్టం పైచివర, సీటు బోల్టు దగ్గర చూడాలి. కొన్నిటికి హ్యాండిల్ కింద ముందు గొట్టం మీద కనిపిస్తుంది.

ఒక్క చూపుకు దొరకదు. గ్రీసు, దుమ్ము, వానాకాలం బురద కలిసి నల్లగా చెక్కు కట్టి ఉంటాయి. కిరోసిన్ ముంచిన గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. అప్పటికీ రంగు మందంగా పడి అంకెలు పూడుకుపోయి ఉంటే సుద్దముక్కను అడ్డంగా పెట్టి రాస్తాను. చుట్టూ తెల్లబడి, గుంటలు నల్లగా మిగిలి, అంకె ఒక్కొక్కటే బయటపడుతుంది. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దినా అచ్చు దిగుతుంది. ఆ కాగితాన్ని దాచుకుంటే ఇంకా మంచిది. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ, 8కీ ‘బి’కీ, 1కీ ‘ఐ’కీ పొరపాటు పడతాం కనక రాసుకున్నాక ఫోటో కూడా తీయాలి. ఫోటోలు రెండు ఉండాలి. ఒకటి నంబరును దగ్గరగా తీసింది, రెండోది సైకిల్ పక్కన మీరు నిలబడి తీయించుకున్నది.

బార్ మీది స్టిక్కర్‌లో ఉండే అంకెల్ని చూసి మోసపోవద్దు. అవి మోడల్ పేరులో భాగం కావచ్చు, ఆ మోడల్ సైకిళ్లన్నిటికీ అవే ఉంటాయి. ఇనుములోకి దిగేలా కొట్టిందే నంబరు. చౌకరకం పిల్లల సైకిళ్లలో కొన్నిటికి అదీ కనిపించదు. అలాంటివాటికి పేరులో మొదటి అక్షరం, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు పంచ్‌తో కొట్టిస్తుంటాను. మరో ఉపాయం కూడా ఉంది. చీటీ మీద పేరు, ఫోన్ నంబరు రాసి, పాలిథిన్ చుట్టి సీటు గొట్టంలోకి దింపేస్తాను. బయటికి ఏమీ తెలియదు. సీటు పీకితేనే చీటీ కనబడుతుంది.

దొంగ మార్చేవి తేలిగ్గా ఊడి వచ్చేవి. సీటు, బెల్లు, క్యారియరు, మడ్‌గార్డులు, చైన్ కవరు మారుస్తాడు. ఓపికుంటే రంగు వేస్తాడు. ఫ్రేమును మార్చలేడు, మారిస్తే అది వేరే సైకిలే. నంబరును ఆకురాయితో అరగదీసేవాళ్లు తక్కువ. అరగదీస్తే ఆ గీతలే వాడిని పట్టిస్తాయి.

ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ చాలామంది చూసే ఉంటారు. పోస్టర్లు అంటించే కొలువులో చేరిన మొదటిరోజే ఒక పేదవాడి సైకిల్ పోతుంది. కొడుకును వెంటబెట్టుకుని రోమ్ నగరమంతా వెతుకుతాడు. పాత సామాన్ల బజారులో ఒకడు ఫ్రేముకు రంగు వేస్తుంటే అనుమానం వచ్చి నంబరు చూపించమంటాడు. వాడు చూపించనంటాడు. పోలీసు వచ్చి చూస్తే నంబరు కలవదు. సినిమా తెలిసినవాళ్లు ఆ ఘట్టంలో ఏం చూస్తారో నాకు తెలియదు. పానా పట్టుకునే నాకు కనబడింది ఇంతే: నంబరు తెలిసి ఉండబట్టి తనది కాని ఫ్రేము మీద అతను కొట్లాటకు పోలేదు, రంగు వేసేవాడి మీద దొంగ అన్న ముద్రా పడలేదు. నంబరు సొంతదారుకే కాదు, దొంగ కానివాడికీ కాపలానే.

అయిదువేల గీత

2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 379 సెక్షన్‌లోని దొంగతనం ఇప్పుడు 303 కిందికి వస్తుంది. శిక్ష మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది. సొత్తు విలువ రూ.5,000 లోపు ఉండి, దొంగకు శిక్ష పడడం అదే మొదటిసారై, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఆకలికి చేయి చాపినవాణ్ని జైల్లో పెట్టొద్దన్న ఆలోచన మంచిదే.

చిక్కంతా దాని పక్కనే ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత చివర ఉన్న పట్టికలో రూ.5,000 లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ నేరంగా చూపారు. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. 174వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు సారాంశాన్ని తమ పుస్తకంలో రాసుకుని, మనిషిని మేజిస్ట్రేటు దగ్గరకు పొమ్మంటారు. ఎఫ్ఐఆర్ ఉండదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరి సైకిల్ ఐదువేల లోపు ఉంటుంది? ఆదివారం హెల్మెట్ పెట్టుకుని తొక్కేవాళ్లది కాదు. నైట్ డ్యూటీకి పోయే గార్డుది, ఇంటింటికీ పేపర్ వేసే పిల్లవాడిది, అడ్డా కూలీది. వాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో రెండు మూడు వేలకు కొన్నవి. గీత సరిగ్గా వాళ్ల సైకిళ్ల మీదుగానే పోయింది.

అందుకే ఫిర్యాదులో రెండు విషయాలు తప్పకుండా రాయమంటాను. మొదటిది ధర. ఎంతకు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏయే సామాను మార్పించారు అన్నవి బిల్లుతో సహా ఉండాలి. కచ్చా చీటీతో సరిపెట్టుకోవద్దు. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పక్కా బిల్లు వద్దనుకుంటే మిగిలేది ఇప్పుడు చాలా తక్కువ. బిల్లులో ఫ్రేమ్ నంబరు గడి ఖాళీగా ఉంటే దుకాణంలో నిలబడి నింపించుకోండి.

రెండోది చోటు. మనుషులు నివసించే భవనంలో గానీ, సామాను భద్రపరిచే భవనంలో గానీ దొంగతనం జరిగితే న్యాయ సంహితలోని 305వ సెక్షన్ ఉంది. శిక్ష ఏడేళ్ల దాకా, పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. చాయ్ హోటల్ ముందు పోయిన సైకిల్ వేరు, ఇంటి లోపలి నుంచో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచో పోయిన సైకిల్ వేరు. ఏ సెక్షన్ పెట్టాలో తేల్చేది పోలీసులు. ఎక్కడ పెట్టాం, తాళం వేశామా, గేటు ఉందా అన్నది ఉన్నదున్నట్టు చెప్పడం మన వంతు. ‘సైకిల్ కనబడుతలేదు’ అని మాత్రం రాయొద్దు. ‘తాళం వేసి పెట్టిన సైకిల్‌ను ఎవరో ఎత్తుకుపోయారు’ అని రాయండి.

ఏ జవహర్‌నగర్?

ఇక్కడివాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. దమ్మాయిగూడ దాటాక మరో జవహర్‌నగర్ ఉంది. దానికి 2025 దాకా సొంత మునిసిపల్ కార్పొరేషన్ ఉండేది, సొంత పోలీస్ స్టేషన్ కూడా ఉంది. ఫోన్‌లో ‘జవహర్‌నగర్’ అంటే అవతలివాళ్లు దాన్నే అనుకుంటారు. ఉప్పల్ వైపా, నాచారం వైపా, ఏ గల్లీ, దగ్గర్లో ఏ గుడి, ఏ బడి ఉన్నాయి అన్నది ముందే చెప్పాలి.

కాగ్నిజబుల్ నేరమైతే హద్దుల గొడవ మనల్ని ఆపకూడదు. సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. కట్టనంటే పై అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకు పోవచ్చు. కేసు కట్టాక దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కూడా చట్టంలో ఉంది.

ఈ సెక్షన్లన్నీ కౌంటర్ దగ్గర వల్లె వేస్తే పని జరగదని నాకూ తెలుసు. ‘సైకిల్‌కు కంప్లైంటేంది పెద్దాయనా, దొరికితే ఫోన్ చేస్తం పో’ అన్న మాట మా వీధివాళ్లకు కొత్త కాదు. అలాంటప్పుడు గొంతు పెంచకుండా ‘సార్, నంబరు రాసి తెచ్చిన, ఫోటో ఉంది, తీసుకున్నట్టు సంతకం పెట్టియ్యండి’ అంటే చాలాసార్లు కాగితం తీసుకుంటారు. నంబరు ఉన్న కాగితం రేపు పనికొచ్చే కాగితమని వాళ్లకూ తెలుసు. ఆలస్యం మాత్రం చేయొద్దు. కాలనీ కెమెరాల్లో పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతూ ఉంటుంది. మూల మీది కిరాణా కొట్టువాళ్లను ఆ రోజే అడిగి, ఆ కాసేపటి వీడియో దాచిపెట్టించాలి.

ఎదురుగా కనబడితే

కొన్నాళ్లకు మన సైకిలే ఉప్పల్ స్కైవాక్ కిందనో, మల్లాపూర్ రోడ్డులోనో, ఫోన్‌లో పాత సామాను అమ్మే యాప్‌లోనో కనబడుతుంది. ఒళ్లు మండుతుంది. చొక్కా పట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి. తొక్కుతున్నవాడు దొంగే అయి ఉండాలని లేదు. తెలియక కొనుక్కున్న కూలీ కావచ్చు. ఫోటో తీయండి, 112కు ఫోన్ చేయండి, పోలీసులు వచ్చేదాకా చూపు మరల్చకండి.

ఇక్కడ చట్టం రెండు వైపులా మాట్లాడుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 113వ సెక్షన్ ప్రకారం వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లదే అనుకోవాలి, కాదన్నవాడే రుజువు చేయాలి. కనక భారం మన మీదే. రుజువు చేశామా, ఇక కొన్నవాడికి హక్కు నిలవదు. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 27వ సెక్షన్ సారం ఇది: అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. మంచి మనసుతో మూడు వేలు పెట్టి కొన్నా, అది దొంగసొత్తు అయితే సొంతదారుకు పోవాల్సిందే. కొన్నవాడు డబ్బును అమ్మినవాడి దగ్గర వసూలు చేసుకోవాలి. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణాలుండీ కొంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అదే వేరే నేరం, దానికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

నీలిరంగు సైకిల్

నాచారం కంపెనీ ఒకదానిలో నైట్ డ్యూటీ చేసే గార్డు ఒకాయన సైకిల్ చాయ్ హోటల్ ముందు పోయింది. ఇరవైరెండు అంగుళాల నల్ల సైకిల్, సెకండ్‌హ్యాండ్. విలువ అయిదువేల గీతకు చాలా కింద. ఎఫ్ఐఆర్ కాలేదు, స్టేషన్ పుస్తకంలో రాసుకున్నారు. ఆ కాగితంలో ఫ్రేమ్ నంబరు మాత్రం ఉంది. నా దగ్గర ఓవర్‌హాలింగ్ చేయించినప్పుడు పుస్తకంలో రాసి పెట్టింది.

తర్వాత వేరే కేసులో పట్టుబడినవాడి దగ్గర చాలా సైకిళ్లు దొరికాయి. అనుమానం ఉన్న సొత్తును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంటుంది. కబురందితే నన్ను కూడా రమ్మన్నాడు గార్డు. స్టేషన్ ఆవరణలో సైకిళ్లు గోడకు ఆనించి వరసగా పెట్టారు. నల్లవి ఉన్నాయి గానీ అతనిది కాదు. అటూ ఇటూ తిరిగి ఒక నీలిరంగు సైకిల్ దగ్గర నిలబడ్డాడు. ‘ఇదే సార్.’ ఎస్‌ఐ నవ్వాడు. ‘నీది నల్లదని రాసిచ్చినవ్ కదా?’

చేతి వేళ్లతో వెనక చక్రం పక్క రాడ్డు అడుగున తడిమి చూపించాడు గార్డు. బీబీకి ఆనుకుని ఇత్తడి పోత పోసిన అతుకు. పగిలిన చోట నేనే గ్యాస్ వెల్డింగ్ పెట్టి అతికాను. పైన నీలిరంగు వేసినా బుడిపె దాగలేదు. ఎస్‌ఐ అక్కడితో ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు. ‘సైకిల్ తిప్పక ముందు నంబరు చెప్పు’ అన్నాడు. గార్డు జేబులోంచి చీటీ తీసి చదివాడు. కానిస్టేబుల్ సీటు బోల్టు దగ్గర రంగు గీకాడు. ముందు రెండు అంకెలు తేలాయి, తర్వాత మిగతావి. కలిశాయి.

అదే రోజుల్లో మా పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి ఖరీదైన గేర్ సైకిల్ ఒకటి పోయింది. బిల్లు ఉంది, ఎఫ్ఐఆర్ అయింది, వీడియో కూడా ఉంది. ఆ సైకిల్ ఇప్పటికీ దొరకలేదు. కాగితం ఉంటే సైకిల్ దొరికి తీరుతుందని నేను చెప్పను. దొరికిన సైకిల్ చేయి జారిపోకుండా మాత్రం కాగితమే ఆపుతుంది.

పోల్చుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. కోర్టు దాకా వెళ్లే గుర్తింపులో ఆ వస్తువును అలాంటివే మరికొన్నిటితో కలిపి పెట్టి ఏరమంటారు. ‘చూడగానే తెలుస్తది సార్’ అంటే చాలదు. ఎడమ పెడల్ రబ్బరు చినిగి ఉంది, వెనక రిమ్ములో రెండు స్పోకులు కొత్తవి, బెల్లు గిన్నె లోపల తుప్పు ఉంది అని ముందే చెప్పగలగాలి. రిపేరు చేసిన మెకానిక్ మాట కూడా సాక్ష్యమే. అందుకే నా పుస్తకంలో నంబరు పక్కన చేసిన పని రాస్తాను.

ఇంటికి తెచ్చుకోవడానికి మరో కాగితం

నంబరు కలిసింది కదా అని ఆ సాయంత్రమే తొక్కుకుంటూ రాలేం. స్వాధీనం చేసుకున్న సైకిల్ అప్పటికి కేసు సొత్తు. దాన్ని ఇప్పించాల్సింది మేజిస్ట్రేటు. సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు దీని కోసమే. పాత చట్టంలో ఇవే 451, 457. ప్లీడరు ద్వారా గానీ, సొంతంగా గానీ ఒక పిటిషన్ వేసుకోవాలి. బిల్లు నకలు, ఫోటోలు, ఆధార్, ఫిర్యాదు కాగితం జత చేయాలి. కోర్టు సాధారణంగా బాండు రాయించుకుని, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి, అమ్మకూడదు, రూపు మార్చకూడదు అనే షరతులతో ఇప్పిస్తుంది.

స్టేషన్ల ముందు తుప్పు పట్టే బండ్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, సొత్తును ఏళ్ల తరబడి స్టేషన్లలో మగ్గనివ్వొద్దని, ఫోటోలు తీసి పంచనామా రాసి, పూచీ తీసుకుని సొంతదారుకు త్వరగా ఇచ్చేయాలని చెప్పింది. కొత్త చట్టం దానికి గడువులు పెట్టింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చాక 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు కావాలి, ఫోటోలో వీడియోనో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. పిటిషన్ వేసేటప్పుడు ఈ మాట గుర్తు చేయడంలో తప్పు లేదు.

హక్కుదారు ఎవరో తేలకపోతే మేజిస్ట్రేటు ప్రకటన ఇస్తారు. ఆరు నెలల్లోపు వచ్చి తమదని రుజువు చేసుకోవాలి. ఎవరూ రాకపోతే సొత్తు ప్రభుత్వపరం అవుతుంది, అమ్మేయవచ్చు. ఆ వరసలో గోడకు ఆనించిన సైకిళ్లలో ఎన్నిటికి నంబరు చెప్పగల మనిషి వస్తాడు? స్టేషన్ దాకా వచ్చి, తన సైకిల్ ముందే నిలబడి, రుజువు లేక ఉత్త చేతులతో పోయినవాళ్లను నేను చూశాను.

గార్డుకు సైకిల్ వచ్చింది, నీలిరంగుతోనే. రూపు మార్చకూడదన్నది కోర్టు షరతు కనక కేసు నడిచినన్నాళ్లూ అలాగే తొక్కాలి. ‘నల్ల పెయింట్ కొట్టియ్యన్నా’ అని నా దుకాణానికి వచ్చినప్పుడల్లా అడుగుతాడు. నేను చైనుకు ఆయిల్ మాత్రం వేసి పంపిస్తాను.

కొనేవాళ్లకు ఒక మాట

పాత సైకిల్ కొనడం తప్పు కాదు. జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, ఫోన్ యాప్‌లోనో ఎందరో నిజాయితీగా అమ్ముతారు, కొంటారు. డబ్బు ఇచ్చే ముందు సైకిల్ తిప్పి నంబరు చూడండి. అరగదీసి ఉంటే వదిలేయండి. అమ్మేవాడి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నకలు, ఫ్రేమ్ నంబరు, ధర, తేదీ ఒక తెల్లకాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఉంటే అసలు బిల్లు అడగండి. ఏడెనిమిది వేల సైకిల్‌ను పదిహేను వందలకే ఇస్తానంటే ఎందుకని అడగండి. ఆ కాగితం రేపు మిమ్మల్ని 317వ సెక్షన్ నుంచి కాపాడుతుంది, మీ సైకిలే పోతే యాజమాన్య రుజువు కూడా అదే.

నా దుకాణంలో కాగితం లేకుండా పాత సైకిల్ కొనను. ‘గీ డబ్బా సైకిల్‌కు కూడ ఆధారేందన్నా’ అని విసుక్కుని పోయేవాళ్లుంటారు. కొందరు మళ్లీ రారు. పోతే పోయింది బేరం.

ఇక కాలనీ సంఘాల పెద్దలకు, అపార్ట్‌మెంట్ కమిటీలకు ఒక విన్నపం. సైకిళ్లకు సర్కారు రిజిస్టరు ఎప్పుడు పెడుతుందో, అసలు పెడుతుందో లేదో అని చూస్తూ కూర్చోవద్దు. ఒక ఆదివారం పిల్లలందరినీ సైకిళ్లతో సెల్లార్‌లోకి రమ్మనండి. ఒక గుడ్డ, కొంచెం కిరోసిన్, సుద్దముక్క చాలు. ఫ్లాట్ నంబరు, పిల్లవాడి పేరు, సైకిల్ కంపెనీ, ఫ్రేమ్ నంబరు వరసగా రాసేయండి. పుస్తకం కొనాల్సిన పని కూడా లేదు. వాచ్‌మన్ దగ్గరుండే విజిటర్ల పుస్తకంలో వెనక పేజీలు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి.